వెనక పాయ

వెర్నా పాస్కో బండిలో ఇల్లుంది, ఇంట్లో ఏమీ లేదు అని వీరానా ఊళ్ళో ఒక మాట. పెద్ద అతిశయోక్తేమీ కాదు. ఇంట్లో టీగిన్నెకు పిడి ఊడి ఎన్నాళ్ళైనా ఆమెకు పట్టదు. బండిలో మాత్రం రేడియేటర్ గొట్టాలు రెండు సైజులవీ ఉండాలి. ఒక ఫ్యాన్ బెల్టు తిరుగుతుండగా ఇంకొకటి సీటు కింద సిద్ధంగా ఉండాలి. చక్రాలు నాలుగు నేల మీద, రెండు పైకప్పు మీద. నీళ్ళు ఒకే పీపాలో పోయదు; చిల్లు పడితే ఉన్నదంతా ఒకేసారి పోతుందని నాలుగు డబ్బాల్లో పోసి నాలుగు మూలలా కడుతుంది. జాకీ పక్కనే మందపాటి చెక్కపలక పెట్టుకుంటుంది, ఎందుకంటే ఇసుకలో జాకీని తిప్పితే బండి లేవదు, జాకీయే దిగబడుతుంది. బయల్దేరే ముందు వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరి, పొగగొట్టం చుట్టూ పేరుకున్న గడ్డిగింజల్ని ఇనుపకమ్మీతో గీకి పారేస్తుంది. మండువేసవిలో ఆ గింజలు అంటుకుని, నడుస్తున్న బండి నడుస్తుండగానే కాలిపోవడం ఆమె కళ్ళారా చూసింది.

అది వీరానా క్లినిక్ వాళ్ళ బండి. రోగుల్ని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి దింపడం వెర్నా ఉద్యోగం. మధ్యలో మూడు వందల కిలోమీటర్ల మట్టిరోడ్డు, ఒక పెట్రోలు బంకు, లెక్కలేనన్ని కంగారూలు. ఏడాదిలో సగం ఎండ, మిగతా సగం ఎండ గురించిన కబుర్లు. యాభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది, నవ్వితే పైపన్ను ఒకటి లేదని తెలుస్తుంది.

ఈ దేశంలో అన్ని ఉపద్రవాలకూ రెండే మందులు. ఒకటి, ఆఫీసు గోడలకు అతికించే రంగుల కాగితం: నీళ్ళు తీసుకెళ్ళండి, ఎవరికైనా చెప్పి బయల్దేరండి, బండి చెడితే బండిని వదలకండి. రెండోది, "ఏం కాదులే". మొదటిది రాసేవాళ్ళు పట్నం దాటి రారు. రెండోది అనేవాళ్ళలో కొందరు పట్నం దాకా చేరరు. వెర్నాకు రెండూ గిట్టవు. "జాగ్రత్త అంటే గుణం కాదు, సామాను. ఉంటే ఉన్నట్టు, లేకపోతే చచ్చినట్టు" అనేది ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతం తండ్రి వల్ల వచ్చింది. ఆయన రైలుపట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. ఫ్యాన్ బెల్టు తెగితే ఆడవాళ్ళ నైలాన్ మేజోడు కట్టి బండి నడిపించవచ్చని ముసలాళ్ళు చెప్పుకునే కథ నిజమని నమ్మి, ఒకసారి ఎడారి నడుమ పెళ్ళాం మేజోడు కట్టాడు. అది కనుచూపు మేరలో ఉన్న చెట్టు దాకా వచ్చింది. ఆ చెట్టు కింద తండ్రీకూతుళ్ళు రెండు రాత్రులున్నారు. "మేజోడు పోయిందని మా అమ్మ ఏడాది పొడుగునా తిట్టింది. మేం పోయామనుకుని ఒక్కరోజే ఏడ్చింది" అని చెప్పి నవ్వేది వెర్నా.

ఆ వేసవిలో ఆ బండిలో ఎక్కిన మనిషి ఆమె పెద్దమ్మ క్లారిస్.

క్లారిస్‌కు కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు పట్నంలో యంత్రం మీద పడుకుని రక్తం కడిగించుకుంటే బతుకు, లేకపోతే లేదు. ఆ యంత్రం కోసమే పుట్టిన ఊరు వదిలి, పట్నంలో ఒంటిగది అద్దెకు తీసుకుని, కిటికీలోంచి కార్ల పార్కింగు చూస్తూ కాలం గడుపుతోంది. తమ్ముడు పోయాడంటే వీరానా వచ్చింది. మా వైపు చావు ఒకపూట పని కాదు. చుట్టాలంతా చేరాలి, ఏడ్వాల్సినవాళ్ళంతా ఏడ్వాలి. అందువల్ల యంత్రం ఒక వంతు తప్పిపోయింది. కాళ్ళు బూరెల్లా పొంగాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పట్నం నుంచి నర్సు మరిసెల్ ఫోన్ చేసి వెర్నాతో ఒకే మాట చెప్పింది: "రేపు సాయంత్రానికల్లా ఆవిడ నా కుర్చీలో ఉండాలి. ఇంకో వంతు తప్పితే గుండె ఆగిపోతుంది. అప్పుడు నన్ను ఫోన్లో అడిగి లాభం లేదు."

అందుకని తెల్లారకుండానే బయల్దేరారు.

"కాళ్ళు పైకి పెట్టుకో పెద్దమ్మా."

"ఎక్కడ పెట్టనే, నీ నెత్తి మీదా? బండంతా డబ్బాలు."

"ఆ ఎర్రసంచీ మీద పెట్టుకో. అందులో దుప్పట్లున్నాయి."

"ఈ ఎండలో దుప్పట్లా."

"నిప్పంటుకుంటే ఉన్ని దుప్పటే కాపాడుతుంది."

"చలికి కాదు, నిప్పుకి. సరే." క్లారిస్ కాళ్ళు ఎత్తి పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. "అరవై లీటర్ల నీళ్ళు మోస్తావు. నాకు గుక్కెడు పొయ్యవు."

"రోజుకు మూడు చిన్న గ్లాసులు. పొద్దున్న ఒకటి తాగేశావు. మరిసెల్‌కి తెలిస్తే నన్ను చంపుతుంది."

"ఎక్కడో మనీలాలో పుట్టిన పిల్ల వచ్చి నా నీళ్ళు కొలుస్తోంది. వాగుకి కూడా గ్లాసు పెడుతుందేమో అడుగు."

వాగు మాట ఎందుకొచ్చిందంటే, అప్పటికి గంటగా రేడియోలో అదే మాట. పశువుల లారీ డ్రైవరు ఒకడు ఉత్తరాన్నుంచి వస్తూ అందరికీ చెబుతున్నాడు: పైన కొండల్లో మూడురోజులు వాన కొట్టింది, విల్కరీ వాగు వస్తోంది, పాతబోరు బావి దాటింది, మధ్యాహ్నానికి రోడ్డు దగ్గరికి చేరుతుంది.

ఇక్కడ నెత్తి మీద మబ్బు తునక లేదు. విల్కరీ అంటే అర కిలోమీటరు వెడల్పు ఎండు ఇసుక. తొమ్మిదేళ్ళుగా అందులో నీళ్ళు పారలేదు; వీరానా బళ్ళో చదివే పిల్లల్లో సగంమంది వాగు అంటే ఇసుకే అనుకుంటారు. ఇలాంటి చోట వాగు వస్తోందంటే మనుషులు పారిపోరు. కుర్చీలు, టీ ఫ్లాస్కులు వేసుకుని బళ్ళలో ఎదురెళ్తారు. ఎండు ఇసుక మీద మొదటి నీళ్ళు పాకుతూ రావడం చూసినవాడు చెప్పుకోవడానికి పదేళ్ళు సరిపోతుంది. దాహానికి సర్వసన్నద్ధంగా ఉన్న జనానికి, నీళ్ళ నుంచి కూడా కాచుకోవాలని తోచదు. పెళ్ళికొడుకు వస్తున్నాడంటే తలుపు గడియ పెట్టుకునేవాళ్ళెవరు?

వెర్నాకు ఆగాలని లేదని చెప్పడం అబద్ధం. వేగం తగ్గించింది, మళ్ళీ పెంచింది, మళ్ళీ తగ్గించింది.

"చూస్తావా పెద్దమ్మా?"

"నాకెందుకు? యంత్రం దగ్గరికి పద."

"తొమ్మిదేళ్ళయింది."

"నాకు తెలుసు ఎన్నేళ్ళయిందో. నువ్వు చూడాలనుంటే చూడు. నా పేరు పెట్టకు."

లెక్క వేసుకుంది వెర్నా. రోడ్డు దగ్గర వాగు రెండు పాయలు. పడమటి పాయలో నీళ్ళు ముందొస్తాయి. తూర్పు పాయ ఎత్తున ఉంటుంది; పడమటిది నిండి పొర్లితే గాని అందులోకి రావు. అంటే పూట పడుతుంది. ఇది వెర్నా ఒక్కదాని లెక్క కాదు, ఆమె తాతలనాటి లెక్క. పాయల నడుమ ఒక ఇసుక తిప్ప ఉంది, చుట్టూ చెట్లు, నెత్తిన మాత్రం బోడి. పడమటి పాయ పొడిగా ఉండగానే దాటి, తిప్పమీద బండి ఆపి, నీళ్ళు రావడం చూసి, తూర్పు పాయ పొడిగా ఉండగానే దాటి వెళ్ళిపోవచ్చు. పట్నం తూర్పునే ఉంది.

ఇసుకలో కూరుకుపోకుండా చక్రాల్లో గాలి తగ్గించి బండిని పాయలోకి దింపింది. బండి దున్నపోతులా మూలుగుతూ పడమటి పాయ దాటి తిప్ప ఎక్కింది. పైన బోడిచోట ఆపి, రెండు మడతకుర్చీలు వేసి, పెద్దమ్మ చేతికి ఎండు ఆప్రికాట్ల సంచీ ఇచ్చింది. అది కూడా అత్యవసరం పెట్టెలోదే. ఎండకు చెడదు, బరువు లేదు, బలం ఉంది.

ముందు వాసన వచ్చింది, ఎండిన మట్టి తడిసిన వాసన. తర్వాత చప్పుడు. ప్రవాహం చప్పుడు కాదు, వేడి పెనం మీద పిండి వేస్తే సుయ్‌మన్నట్టు. ఇసుక మీద గోధుమరంగు నురుగు ఒక అంచులా, మనిషి నడిచే వేగంతో, పుల్లల్నీ పేడనీ తోసుకుంటూ వచ్చింది. దానికి ముందు చీమలు, సాలీళ్ళు, ఒక పెద్ద తొండ. నీళ్ళు ఒక గుంట దగ్గర ఆగి, గుంట నిండాక మళ్ళీ నడిచాయి. క్లారిస్ సంచీలోంచి ఒక్కొక్క పండూ తీసి నోట్లో వేసుకుంటోంది.

"మా తమ్ముడు దీనికి ముందు పరిగెత్తేవాడు" అంది చివరికి. "వెనక్కి వెనక్కి, నీళ్ళ వైపు మొహం పెట్టి. పడేవాడు కూడా."



కొంతసేపయ్యాక క్లారిస్ తల పక్కకు వంచింది. "ఏమే. రెండు చెవుల్లోనూ వినబడుతోంది."

"ఏంటి?"

"నీళ్ళు. ఒక చెవిలోనే కదా వినబడాలి."

వెర్నా వెనక్కి తిరిగింది. చెట్ల సందుల్లోంచి తూర్పు పాయ కనిపించింది. అక్కడ నురుగు అంచు లేదు, పాకడం లేదు. అదంతా ఎప్పుడో అయిపోయింది. గట్టు నుంచి గట్టుకు నీళ్ళు గోధుమరంగులో, నిశ్శబ్దంగా, చాలా వేగంగా పోతున్నాయి.

కారణం తర్వాత అందరికీ తెలిసింది. తొమ్మిదేళ్ళ కిందటి వరదే పోతూ పోతూ ఎగువన ఇసుకమేట వేసి, తూర్పు పాయకు దారి తెరిచి పోయింది. తర్వాత వాగు రాలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. తాతలనాటి లెక్క తొమ్మిదేళ్ళుగా తప్పు.

వెర్నా చెప్పులు విడిచి, పార తీసుకుని నీళ్ళలోకి దిగింది. బండితో దాటబోయే నీటిని ముందు కాళ్ళతో దాటి చూడాలన్నది ఆమె ఇతరులకు చెప్పే మాట. పారకర్ర ముందు గుచ్చుకుంటూ, ఒక అడుగు, అది నిలదొక్కుకున్నాక ఇంకో అడుగు. పాయలో పావు వంతు పోకముందే నీళ్ళు నడుము దాటాయి. అడుగున ఇసుక నిలవడం లేదు. కాలు పెట్టగానే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. తేలివచ్చిన కంచె తీగ ఒకటి తొడకు చుట్టుకుని లాగింది. ఆమె పారను గుచ్చి, దాని మీద బరువు వేసి నిలబడింది. ఆ నిలబడటంలో భయం తెలిసింది. తను పోతే, తిప్ప మీద నడవలేని మనిషి ఒక్కతే ఉంటుంది.

"రావే వెనక్కి" క్లారిస్ గొంతు. అరుపు కాదు, ఇంట్లోకి పిలిచినట్టు.

తీగ విడిపించుకుని వెనక్కి వచ్చింది. తొడ మీద రక్తం చారికలు కట్టింది.

శాటిలైట్ ఫోన్ పనిచేస్తోంది. అది పనిచేస్తుందని వెర్నాకు తెలుసు, వారానికోసారి చూస్తుంది. పట్నంలో రక్షణదళం వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఉన్నది ఒక హెలికాప్టర్, అది ఎగువన రేకుల కప్పు మీద ఎక్కి కూర్చున్న కుటుంబాన్ని తీసుకురావడానికి పోయింది, తర్వాత ఇంకొకరు వరసలో ఉన్నారు, మీ దగ్గరికి రేపు మధ్యాహ్నం. అత్యవసరానికి పంపే క్లినిక్ విమానం దిగే మైదానం వరదనీళ్ళకు బురదైంది. ఆ తర్వాత మరిసెల్‌కు చేసి సంగతంతా చెప్పింది.

"ఊపిరి ఎలా ఉంది?" అంది మరిసెల్.

"పడుకోలేకపోతోంది. కూర్చునే ఉంది."

"కూర్చోబెట్టే ఉంచు. నీళ్ళు వద్దు. మంచుముక్క ఉంటే చప్పరించనీ. ఏం తింది?"

"ఆప్రికాట్లు."

"ఎండువా?"

"ఎండువే."

"ఎన్ని?"

వెర్నా పెద్దమ్మ ఒళ్ళో ఉన్న సంచీ చూసింది. "చాలా."

"వెర్నా, ఒకవంతు తప్పిన మనిషికి అది విషం. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బయటికి పంపకపోతే అది గుండెను ఆపుతుంది. ఇప్పుడు రేపు మధ్యాహ్నం కాదు, ఈ రాత్రికే నా దగ్గర ఉండాలి. నేను యంత్రం సిద్ధం చేసి కూర్చుంటా. చేతులు కాళ్ళు బరువెక్కుతున్నాయంటే నాకు వెంటనే చెప్పు."

ఫోన్ పెట్టేసి వెర్నా సంచీ లాక్కుంది. "అరటిపండు వద్దని నాకు తెలుసు. ఇది కూడా కూడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి తిన్నావా?"

"పొద్దుట్నుంచి ఏమన్నా పెట్టావా? ఆకలేసింది. వాగు చూస్తున్నా. చెయ్యి దానంతటది పోయింది." క్లారిస్ ఊపిరి అందక ఆగింది. "నీ పెట్టెలో నేను తినగలిగింది ఏముందో చెప్పు చూద్దాం."

వెర్నా పెట్టె తెరిచింది. టమాటా డబ్బాలు, చిక్కుడుగింజలు, పీచెస్, ఉప్పుబిస్కట్లు, ఉప్పువేసిన మాంసం. ఒక్కటీ ఆమెకు పనికిరాదు. బండిలో అరవై లీటర్ల నీళ్ళున్నాయి. రోగుల్ని మోసే బండిలో ఆరోగ్యవంతుడు నాలుగురోజులు బతకడానికి కావలసిందంతా ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికోసం సర్దింది? ఎవరో మనిషి కోసం, సగటు మనిషి కోసం. ఆ మనిషి ఎప్పుడూ ఈ బండి ఎక్కలేదు.

ఫ్రిజ్ పెట్టెలోంచి మంచుముక్క తీసి పెద్దమ్మ నోట్లో పెట్టింది. తార్పాలిన్ ఒకవైపు బండికి, ఒకవైపు పారకు కట్టి నీడ చేసింది. నీటి అంచున ఒక పుల్ల గుచ్చింది. మళ్ళీ చూస్తే పుల్ల నీళ్ళలో ఉంది. ఇంకొకటి పైన గుచ్చింది.

రేడియో పట్టుకుని పిలవడం మొదలెట్టింది. నేల మీద నుంచి దాని మాట దగ్గరి కొండ దాటదు. కాని హార్కర్ల పశువుల ఎస్టేట్‌లో లైల్ అని ఒకడున్నాడు; బొమ్మలాంటి రెండు సీట్ల హెలికాప్టర్‌లో పశువుల్ని తోలుతాడు. ఇంత వరదలో పల్లపు మేతభూముల నుంచి మందను తోలుతూ వాడు గాల్లోనే ఉండాలి. గాల్లో ఉన్నవాడికి రేడియో ఎంత దూరమైనా వినబడుతుంది.

"లైల్. లైల్, గాల్లో ఉన్నావా? వెర్నాని."

గరగర. మళ్ళీ పిలిచింది. మూడో పుల్ల గుచ్చింది. మళ్ళీ పిలిచింది.

"వెర్నా, నాకు మూడు వందల ఆవులున్నాయి, అన్నీ ఈత రానివే" అంది రేడియో. "నీకేం కావాలి?"

చెప్పింది. అటువైపు ఎగతాళి ఆగిపోయింది.

"తిప్ప మీదా? పైన బోడిగా ఉంటుంది కదా, అక్కడ దిగుతా. అది తప్ప చోటు లేదు, మిగతాదంతా చెట్లు. చీకటి పడితే నేను ఎగరలేను, ఇప్పుడే బయల్దేరతా."

"లైల్, ఆ బోడి చోట బండి ఉంది."

"తియ్యి మరి."

"ఎక్కడికి తియ్యను?"

కాసేపు గరగర వినబడింది. "వెర్నా, నాకు బండి సంగతి తెలీదు. నాకు రెక్క తిరిగేంత చోటు కావాలి. చోటుంటే దిగుతా, లేకపోతే తిరిగి పోతా."

తిప్ప మీదికి ఎక్కిన దారి ఒక్కటే, దిగే దారీ అదే. ఆ దారి అడుగున ఇప్పుడు నీళ్ళున్నాయి. మిగతా పక్కలంతా మానులు అడ్డం. బండిని వదలకండి అని గోడ మీద ఉంటుంది. బండిని నీళ్ళలోకి దింపండి అని ఏ గోడ మీదా ఉండదు.

క్లారిస్ అంతా వింది. "పోతుందే బండి" అంది.

"పోనీ."

"ఇంకో గంట చూస్తే ఆ పెద్ద హెలికాప్టర్ ఏమన్నా..."

"చేతులెత్తు పెద్దమ్మా."

"ఎందుకు?"

"ఎత్తు."

క్లారిస్ కుడిచెయ్యి భుజం దాకా లేపింది. ఎడమది ఒళ్ళోంచి లేవలేదు. ఇద్దరూ దాని వంక చూశారు.

వెర్నా తాళ్ళు విప్పింది. రెండు నీళ్ళడబ్బాలు, దుప్పట్లు, తార్పాలిన్, ఫ్రిజ్ పెట్టె, ఫోన్, రేడియో పక్కన పడేసింది. ఇంకేం తియ్యాలో ఆలోచించే ఓపిక లేదు. పెద్దమ్మను కుర్చీతో సహా ఒక మాను మొదటికి లాగింది. కుర్చీ కాళ్ళు ఇసుకలో రెండు చాళ్ళు తీశాయి. తర్వాత బండెక్కి ఇంజను తిప్పింది. ఒక్క తిప్పుకే అంటుకుంది, ఎప్పటిలాగే. నెమ్మదిగా వాలులోకి దింపింది. ముందుచక్రాలు నీళ్ళలో దిగాయి. తల బయట పెట్టి చూసింది, పైకప్పు మీది చక్రాలు ఇంకా రెక్కకు అడ్డం వచ్చేలా ఉన్నాయి. ఇంకా దింపింది. నీళ్ళు తలుపు సందుల్లోంచి పాదాల దగ్గరికి వచ్చాయి, చల్లగా. ముందుభాగం పక్కకు కొట్టుకుపోవడం మొదలైంది. అప్పుడు ఆపింది. ఆపి, అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేకు లాగింది. దిగి, పైకి ఎక్కింది. వెనక్కి చూడలేదు.

హెలికాప్టర్ వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది, చీకటికి ఇంకా రెండు మూడు గంటలే ఉంది. ఇసుక లేచి కళ్ళల్లో, నోట్లో కొట్టింది. లైల్ రెక్క ఆపకుండానే దిగి వంగి పరిగెత్తాడు. ఎండకు కాలిన మొహం, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇద్దరూ చెరో చంక కిందా చేతులేసి క్లారిస్‌ను లేపారు. కాళ్ళు నేలకు ఆనడం లేదు, ఈడ్చుకొస్తున్నాయి.

"దీనికి తలుపేదిరా?" అంది క్లారిస్.

"ఆవుల పనికి అడ్డమని తీసేశా ఆంటీ."

"నేను ఆవునా?"

"ఆవైతే ఈపాటికి పరిగెత్తేది."

క్లారిస్ నవ్వబోయి దగ్గింది. వెర్నా బెల్టు బిగించింది, దుప్పటి చుట్టింది, మిగిలిన మంచుముక్కలు ఒక గుడ్డలో కట్టి చేతిలో పెట్టింది. క్లారిస్ కుడిచెయ్యి వెర్నా చేతిని పట్టుకుని వదల్లేదు.

"నువ్వో?"

"సీట్లు రెండే."

"నీళ్ళు పైకొస్తున్నాయే."

"తిప్ప ఇంకా చాలా ఉంది పెద్దమ్మా. వెళ్ళు."

"నేను ఆగమన్లేదు. నువ్వే చూడాలన్నావు."

"నేనే చూడాలన్నాను" అంది వెర్నా. చెయ్యి విడిపించుకుంది.

లైల్ ఎక్కుతూ, "దారిలో పెట్రోలు పోసుకుని నేరుగా ఆస్పత్రి మైదానంలో దింపుతా. నీ దగ్గరికి తెల్లారాక" అని అరిచాడు. అది లేచి చెట్ల మీదుగా పోయింది. పోయిన వైపే చూస్తూ వెర్నా చాలాసేపు నిలబడింది. చప్పుడు పోయాక నీళ్ళ హోరు మళ్ళీ రెండు చెవుల్లోనూ వినబడింది.

చీకటి పడ్డాక బండి దీపాలు ఎలా వెలిగాయో తెలియదు, నీళ్ళ అడుగున పచ్చగా కాసేపు వెలిగి ఆరిపోయాయి. తర్వాత లోహం మానుకు గీసుకున్న చప్పుడొకటి వచ్చింది. ఆమె లేచి చూడలేదు. పుల్లలు గుచ్చుకుంటూ, దుప్పటి చుట్టుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరిసెల్‌కు చేయాలని రెండుసార్లు అనుకుని మానేసింది. యంత్రం దగ్గర చేతులు ఖాళీగా ఉంటే ఆమే చేస్తుంది. చెయ్యడం లేదంటే చేతులు ఖాళీగా లేవు. లేదా చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ రెంటిలో ఏదో తెల్లారేదాకా తేలలేదు.

వెలుగొచ్చేసరికి ఆఖరి పుల్ల పొడిగానే ఉంది. కింద బండి ఉన్నచోట రెండు చక్రాలు మాత్రం నీటికి పైన కనిపించాయి, పైకప్పు మీద కట్టినవి. ఫోన్ మోగింది.

"రాత్రి రెండుసార్లు గుండె తడబడింది" అంది మరిసెల్ గొంతు, నిద్రలేక గీరుకుపోయి. "రాగానే మందులిచ్చి యంత్రం పెట్టాం. ఇప్పుడు బాగుంది. ఎడమచెయ్యి లేపుతోంది. ఆ చెయ్యితోనే నా ఫోన్ లాక్కుంటోంది, ఇదిగో."

అవతల గుడ్డలు కదిలిన చప్పుడు, యంత్రం కూత, ఆయాసం లేని ఊపిరి.

"ఉన్నావా?"

"ఉన్నా పెద్దమ్మా."

"బండి?"

"పోయింది."

"ఊ. వాగు ఎలా ఉంది? నిన్న ఆ కుర్రాడు గాల్లోకి లేపగానే కళ్ళు మూసుకున్నా. ఏమీ చూళ్ళేదు. చెప్పు."

"చార్జి అయిపోతుంది."

"అయ్యేదాకా చెప్పు."

వెర్నా లేచి నిలబడి చుట్టూ చూసింది. గట్టు నుంచి గట్టుకు నీళ్ళు, వాటి మీద పొద్దు. ఎక్కణ్ణుంచి పసిగట్టాయో బాతులు అప్పుడే వచ్చి దిగుతున్నాయి.

"పడమటి పాయ నుంచి మొదలెడతా" అంది.